కొత్తవాళ్ల మెయిల్ పోకుండా స్పామ్ ఆపడం ఎలా: పలాస అనుభవంతో ఒక సమగ్ర మార్గదర్శి

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలకు, శ్రీకాకుళం టౌన్‌లో రెండు మూడు ఆఫీసులకు మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా పని. అందరూ నన్ను అడిగేది ఒకటే: "స్పామ్ రాకుండా చెయ్యండి." రావాల్సిన మెయిల్ ఏదైనా పోయిందేమో చూడమని అడిగినవాళ్లు చాలా తక్కువ. వచ్చిన చెత్త కంటికి కనిపిస్తుంది, రాని మెయిల్ ఎవరికీ కనిపించదు. ఈ గైడ్ ఆ కనిపించని మెయిల్ గురించి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ తర్వాతి సీజన్‌లో లోకల్ జీడి పిక్కలు బాగా తగ్గిపోయాయి, ఫ్యాక్టరీలు ఆఫ్రికా పిక్కల మీద మరింత ఆధారపడ్డాయి. సరిగ్గా అప్పుడే ఒక ఫ్యాక్టరీకి నైజీరియా, బెనిన్ పేర్లతో మోసపు మెయిళ్లు వరుసగా వచ్చాయి. షావుకారు గారికి టెన్షన్ పట్టుకుంది. "ఆ దేశాల పేరున్న మెయిల్ ఏదీ లోపలికి రానివ్వకు బాబూ" అన్నారు. నేను రూల్ రాశాను. మెయిల్‌లో నైజీరియా, బెనిన్, కొటోనూ అన్న మాటల్లో ఏది కనిపించినా డిలీట్. చెత్త ఆగింది. అందరం సంతోషించాం.

నాలుగు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. "ఏటి బాబూ, మన ఫిల్టరు బేరాన్నే తినేసిందేటి?" బెనిన్‌లోని కొటోనూ రేవు నుంచి పిక్కలు ఎక్కించే ఒక బ్రోకరు మూడుసార్లు కొటేషన్ పంపాడట. జవాబు లేకపోయేసరికి సరుకు వేరే ఫ్యాక్టరీకి ఇచ్చేశాడు. వచ్చిన ప్రతి మెయిల్‌ని ఏం చేసిందో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ తీసి చూశాను. మూడు లైన్లు ఉన్నాయి. తేదీ, టైము, పంపినవారి అడ్రసు, పక్కన "డిస్కార్డ్" అన్న ఒక్క మాట. మూడో మెయిల్ రెండోదానికి పదకొండు రోజుల తర్వాత వచ్చింది. తన ఉత్తరం అందలేదన్న సంగతి ఆ మనిషికి తెలిసే దారే లేదు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, నేను స్పామ్ కోసం ఒక దేశం మొత్తానికి తలుపు మూసేశాను.

ఆ రోజు నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. ఆపితే ఆపామని పంపినవారికి తెలియాలి. ఆపినదాన్ని మన వైపు ఒక మనిషి చూడాలి. మోసం భయాన్ని ఫిల్టర్ మీద కాకుండా డబ్బు చెల్లించే చోట పెట్టాలి. కింద ఉన్న మెట్లన్నీ వీటి నుంచి వచ్చినవే. సొంత సర్వర్ ఉన్నవాళ్లకి అన్నీ పనికొస్తాయి. జీమెయిల్ లేదా గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్లు నాలుగు నుంచి తొమ్మిది వరకు తిరగేస్తే చాలు, మిగతావి తప్పకుండా చేయండి.

1. ముందు ఏం పోతోందో చూడండి

సెట్టింగుల జోలికి పోకముందు ఒక సాయంత్రం దీనికి పెట్టండి. జీమెయిల్‌లో స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లిన మెయిల్ 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. పైన ఉన్న పెట్టెలో మామూలుగా వెతికితే స్పామ్, ట్రాష్ ఫోల్డర్లలో వెతకదు. వెతికే పెట్టె కుడి చివర గుర్తు నొక్కి, ఎక్కడ వెతకాలి అన్నచోట మెయిల్, స్పామ్, ట్రాష్ మూడూ ఎంచుకోవాలి. ఇది తెలియకే "వెతికానండీ, రాలేదు" అంటుంటారు చాలామంది.

మీ వ్యాపారంలో నిజమైన మనిషి మాత్రమే వాడే మాటలతో వెతకండి. జీడిపప్పు వ్యాపారమైతే గ్రేడు నంబర్లు 180, 210, 240, 320, లేదా పిక్కల నాణ్యత చెప్పే అవుట్‌టర్న్, లేదా కస్టమ్స్ కోడ్ 080131. పొందూరు ఖద్దరు అమ్మేవాళ్లయితే కౌంటు, గజం, పంచె, చీర. మోసగాడు "మంచి నాణ్యత, తక్కువ ధర" అని రాస్తాడు. నిజమైన బ్రోకరు "80 కిలోల బస్తాకి 48 పౌండ్ల పప్పు" అని రాస్తాడు. ఆ తేడా మీకు తెలుసు, ఫిల్టర్‌కి తెలియదు.

సొంత సర్వర్ అయితే లాగ్‌లో గత 30 రోజుల రిజెక్టులు తీసి, పంపినవారి డొమైన్ల (అడ్రసులో @ తర్వాత ఉండే పేర్ల) వారీగా లెక్కపెట్టండి. దొరికిన మంచి మెయిళ్లు ఎన్నో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత చేసే మార్పులు పనిచేశాయో లేదో ఈ అంకె పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

2. డబ్బు గేటుని వేరు చేయండి

ఇది మెయిల్ సెట్టింగ్ కాదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. షావుకార్లు ఫిల్టర్ బిగించమని అడిగేది చెత్త చికాకు వల్ల కాదు, మోసపోతామన్న భయం వల్ల. ఆ భయం న్యాయమైనదే. కానీ దాన్ని ఫిల్టర్ తీర్చలేదు. గట్టి మోసగాడు పాత సప్లయర్ పేరుతోనే వస్తాడు. డొమైన్‌లో ఒక్క అక్షరం మారుస్తాడు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ స్క్రీన్ మీద ఎమ్‌లాగే కనిపిస్తాయి. "మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి" అని రాస్తాడు. ఆ మెయిల్‌లో స్పామ్ లక్షణం ఒక్కటీ ఉండదు.

కాబట్టి అకౌంట్స్ గదిలో గోడకి అంటించే రూలు ఒకటి ఉండాలి. ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకి కాకుండా మన దగ్గర ముందే ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోవాలి. కొత్త పార్టీకి మొదటి చెల్లింపు ఇద్దరు చూసి సంతకం పెడితేనే పోవాలి. కొత్త పార్టీ అయితే సరుకు తనిఖీ, ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) వంటి బ్యాంకు పద్ధతులు తప్పవు. ఒకవేళ డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఈ గేటు గట్టిగా ఉంటే మెయిల్ గేటు కొంచెం వదులు చేయడానికి ధైర్యం వస్తుంది. కొత్తవాడి ఉత్తరం చదవడం వేరు, అతన్ని నమ్మి డబ్బు పంపడం వేరు. చదివినంత మాత్రాన పైసా పోదు. ఒక్క విషయంలో మాత్రం వదులు వద్దు. నొక్కగానే నడిచే ప్రోగ్రామ్ ఫైళ్లు, మాక్రోలున్న (లోపల ప్రోగ్రామ్ దాచగలిగే) ఆఫీస్ ఫైళ్లు ఎవరి దగ్గర్నుంచి వచ్చినా ఆపండి. నిజమైన వ్యాపారి కొటేషన్ అలా పంపడు.

3. ఒక్కో అడ్రసుకి ఒక్కో గట్టిదనం

ఆఫీసు మొత్తానికి ఒకే ఫిల్టర్ పెట్టడం పెద్ద తప్పు. అపరిచితులు రాయడానికే పెట్టిన అడ్రసు ఉంటుంది, సేల్స్, ఎంక్వైరీ, ఉద్యోగాలు వంటివి. అపరిచితులు రాయాల్సిన పనే లేని అడ్రసులూ ఉంటాయి, అకౌంట్స్, జీతాలు, షావుకారు గారి సొంత అడ్రసు వంటివి. మొదటి రకానికి ఫిల్టర్ వదులుగా, రెండో రకానికి బిగుతుగా పెట్టండి. వెబ్‌సైట్‌లో, విజిటింగ్ కార్డు మీద మొదటి రకమే అచ్చువేయండి. సేల్స్ అడ్రసుకి రోజుకి పది చెత్త మెయిళ్లు ఎక్కువ వస్తాయి. అది అక్కడి అమ్మాయి రెండు నిమిషాల పని. ఒక కంటెయినర్ పిక్కల బేరంతో పోలిస్తే ఆ రెండు నిమిషాలు లెక్కే కాదు.

జీమెయిల్ వాడేవాళ్లు సేల్స్ అడ్రసులో ఒక ఫిల్టర్ పెట్టుకోవచ్చు. మీ సరుకు పేరు, గ్రేడు మాటలు ఇచ్చి, చర్యల్లో "ఎప్పుడూ స్పామ్‌లోకి పంపొద్దు" అన్న గడి టిక్ చేయండి. ఒక లేబుల్ కూడా తగిలిస్తే ఆ దారిన వచ్చినవి విడిగా కనిపిస్తాయి.

ఇంకో అడ్రసు ఉంది, పోస్ట్‌మాస్టర్. ఈమెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం మెయిల్ తీసుకునే ప్రతి డొమైన్‌లోనూ ఈ అడ్రసు పనిచేయాలి. మీ ఫిల్టర్ తప్పు చేసిందని అవతలి టెక్నీషియన్ ముందుగా ప్రయత్నించే దారి అది. దాన్ని ఫిల్టర్ల నుంచి వీలైనంత బయట ఉంచి, ఎవరో ఒకరు చదివేలా చూడండి.

4. ఆపేటప్పుడు నోరు విప్పి ఆపండి

మెయిల్ సర్వర్ ఒక మెయిల్‌తో నాలుగు పనులు చేయగలదు. తీసుకుని ఇన్‌బాక్స్‌లో వేయడం, తీసుకుని స్పామ్ ఫోల్డర్‌లో వేయడం, తలుపు దగ్గరే తిప్పి పంపడం, తీసుకున్నట్టు నటించి పారేయడం. నాలుగోది ఎప్పుడూ చేయకండి. నేను బెనిన్ బ్రోకరుకి చేసింది అదే.

తలుపు దగ్గర తిప్పి పంపడం చాలా మర్యాదైన పద్ధతి. అవతలి సర్వర్ మన సర్వర్‌తో మాట్లాడుతుండగానే మనం ఒక అంకె చెబుతాం. 250 అంటే తీసుకున్నాం. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, కాసేపాగి రమ్మని. 5తో మొదలైతే తీసుకోం అని. 550 విన్న నిజమైన సర్వర్ తన మనిషికే "నీ మెయిల్ అందలేదు" అని ఉత్తరం పెడుతుంది. స్పామ్ పంపే బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) ఆ జవాబు పట్టించుకోదు, వెళ్లిపోతుంది. ఎవరికి తెలియాలో వాళ్లకే తెలుస్తుంది.

ముందు 250 చెప్పి మెయిల్ తీసుకుని, తర్వాత స్పామ్ అని తేల్చి మన సర్వరే తిరుగు ఉత్తరం రాస్తే మాత్రం తప్పు. స్పామ్‌లో పంపినవారి అడ్రసు దొంగది. మన తిరుగు ఉత్తరం ఏ పాపం ఎరుగని మనిషికి వెళ్లి పడుతుంది. అలాంటివి వేల సంఖ్యలో వెళితే మన సర్వరే బ్లాక్‌లిస్టుకి, అంటే చెత్త పంపే సర్వర్ల జాబితాకి ఎక్కుతుంది. "మీరు మనిషేనని నిరూపించండి" అంటూ లింకు పంపే పద్ధతికీ ఇదే జబ్బు. దాన్ని నేను ఎవరికీ పెట్టను.

550 పక్కన రాసే వాక్యం మీ చేతిలోనే ఉంటుంది. చాలా సర్వర్లలో అది "యాక్సెస్ డినైడ్" అని వదిలేసి ఉంటుంది. దాన్ని మార్చండి. ఆఫీసు ఫోన్ నంబరు పెట్టి, "మా ఫిల్టర్ మీ మెయిల్ ఆపింది, పొరపాటైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అన్న అర్థం వచ్చేలా తేలిక ఇంగ్లీషులో ఒక్క లైను రాయండి. ఆ లైను తెలుగు లిపిలో రాస్తే దారిలో కొన్ని సర్వర్లు పాడు చేస్తాయి, అందుకే ఇంగ్లీషు. ఏడాదికి వచ్చే ఫోన్లు ఒక చేతి వేళ్లకి మించవు. కానీ అవన్నీ నిజమైన మనుషుల ఫోన్లే. స్పామ్ పంపేవాడు ఫోన్ చేయడు.

5. బ్లాక్‌లిస్టులు: చాలా ఉపయోగం, కొంచెం ప్రమాదం

చెత్తలో పెద్ద వంతుని లోపలి మాటలు చదవకుండానే ఆపేవి ఇవి. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ సంస్థ లిస్టులు అందరికీ తెలిసినవే. దాని జెన్ లిస్టులో ఉన్న ఐపీని (ఇంటర్నెట్‌లో సర్వర్ నంబరుని) తలుపు దగ్గరే తిప్పడం నాకు సబబుగానే అనిపిస్తుంది. అంతకంటే చిన్న, దూకుడు లిస్టుల మీద మాత్రం ఒక్కదాని మాట విని తలుపు వేయొద్దు. వాటిలో కనిపించిన ఐపీ నుంచి వచ్చే మెయిల్‌కి అనుమానపు మార్కులు వేసి ఊరుకోండి. రెండు మూడు లిస్టులు ఒకే మాట చెబితే అప్పుడు ఆపండి. ఒక చిన్న హోస్టింగ్ సర్వర్ మీద వంద మంది వ్యాపారులు ఉంటారు. అందులో ఒకడు తప్పు చేస్తే మిగతా తొంభైతొమ్మిది మందీ లిస్టుకి ఎక్కుతారు. మన కొత్త కస్టమర్ ఆ తొంభైతొమ్మిదిలో ఉండొచ్చు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, జాగ్రత్త. సర్వర్ డీఎన్‌ఎస్‌గా (పేర్ల వెనక ఉన్న ఐపీ నంబర్లు వెతికి చెప్పే సర్వీసుగా) 8.8.8.8 లాంటి, అందరూ వాడే పబ్లిక్ రిజాల్వర్ పెట్టుకుని స్పామ్‌హౌస్‌ని అడిగితే నిజమైన జవాబు రాదు. 127.255.255.254 అని వస్తుంది. "ఈ దారిలో అడగకు" అని దాని అర్థం. ఏ జవాబు వచ్చినా స్పామే అనుకునేలా సెట్టింగ్ ఉంటే, ఆ క్షణం నుంచి లోకంలో ప్రతి మెయిల్‌నీ మీ సర్వర్ తిప్పి పంపుతుంది. సర్వర్ మీదే సొంత రిజాల్వర్ పెట్టుకోండి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌లో జవాబు 127.0.0.2 నుంచి 127.0.0.11 మధ్య ఉంటేనే ఆపమని రాయండి. వ్యాపారానికి వాడుతున్నారు కాబట్టి స్పామ్‌హౌస్ వాడకం షరతులు చదివి, అవసరమైతే వాళ్ల కీ తీసుకోండి.

రెండో గొయ్యి ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ ఐపీల లిస్టు. ఇంటి కనెక్షన్ నుంచి నేరుగా సర్వర్‌లా మెయిల్ పంపకూడదన్నది దాని ఉద్దేశం. మనకి నేరుగా కనెక్ట్ అయిన ఐపీని మాత్రమే దాంతో పోల్చాలి. మెయిల్ ఏ దారిన వచ్చిందో రాసి ఉండే హెడర్‌లోని ప్రతి ఐపీనీ పోలిస్తే, సోంపేటలో ఇంట్లో కూర్చుని సక్రమంగా తన ప్రొవైడర్ ద్వారా పంపిన మనిషి కూడా దోషి అవుతాడు. మీ ఉద్యోగులు పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి పంపే 587 పోర్టు మీద ఈ తనిఖీ అసలు ఉండకూడదు.

పోస్ట్‌ఫిక్స్‌లో ఇంకో సెట్టింగ్ కొత్తవాళ్లని బాగా కొడుతుంది. పంపే ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ పేరు (ఐపీ నంబరుతో వెతికితే దొరికే పేరు) ఉందా అని చూడటం ఒకటి. ఆ పేరు మళ్లీ అదే ఐపీకి తిరిగి రావాలని పట్టుబట్టడం ఇంకొకటి. మొదటిది చాలు. రెండోదానికి చాలా మంచి సర్వర్లు బలైపోతాయి, ఎందుకంటే చిన్న కంపెనీల డీఎన్‌ఎస్‌ని ఎవరూ అంత శ్రద్ధగా చూడరు.

6. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్

ఇవి డొమైన్ యజమాని డీఎన్‌ఎస్‌లో పెట్టుకునే గుర్తింపు రికార్డులు. మెయిల్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెబుతాయి, మంచిదో చెడ్డదో చెప్పవు. స్పామ్ పంపేవాడు కూడా మూడూ సక్రమంగా పెట్టుకోగలడు. కొత్త చిన్న వ్యాపారికి ఒక్కటీ ఉండకపోవచ్చు. కాబట్టి రికార్డు లేకపోవడాన్ని నేరంగా చూడొద్దు, ఒక మార్కు వేసి వదిలేయండి. మెయిల్ ఫార్వర్డ్ అయినప్పుడు ఎస్‌పీఎఫ్ తప్పడం సహజం, దానికీ తలుపు మూయొద్దు. డొమైన్ యజమానే డీమార్క్‌లో "మా పేరుతో సరైన గుర్తింపు లేకుండా వస్తే తిప్పికొట్టండి" అని రాసి ఉంటే మాత్రం ఆ మాట వినండి. అది వాళ్ల సంతకం, వాళ్ల ఇష్టం.

తెలిసినవాళ్ల జాబితా పెట్టుకునేటప్పుడు ఫ్రమ్ అడ్రసు ఒక్కటే చూసి వదలొద్దు. దాన్ని ఎవరైనా రాసుకోవచ్చు. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పాసయితేనే జాబితా వర్తించేలా పెట్టండి. జీమెయిల్ డొమైన్ మొత్తాన్ని ఆ జాబితాలో వేసినవాళ్లని చూశాను, అది తలుపు పీకేయడమే.

7. గ్రేలిస్టింగ్

కొత్త ఐపీ, కొత్త పంపేవారు, అందుకునేవారు, ఈ ముగ్గురి జత మొదటిసారి కనిపిస్తే 4తో మొదలయ్యే అంకె చెప్పి కాసేపాగి రమ్మంటాం. నిజమైన సర్వర్ మళ్లీ వస్తుంది. చాలా బాట్లు రావు. 2003లో ఎవాన్ హారిస్ ప్రతిపాదించిన ఈ ఉపాయం ఇప్పటికీ కొంత పనిచేస్తుంది. దీనికోసమే ఉన్న పోస్ట్‌గ్రే అనే ప్రోగ్రామ్ వాడితే మామూలుగా 300 సెకన్లు ఆపుతుంది, ఐదుసార్లు సరిగ్గా వచ్చిన సర్వర్‌ని తర్వాత ఆపదు.

కానీ ఆలస్యం భరించేది కొత్తవాళ్లే. అవతలి సర్వర్ ఐదు నిమిషాలకి వస్తుందో, గంటకి వస్తుందో మన చేతిలో లేదు. ఓటీపీ పది నిమిషాల్లో చచ్చిపోతుంది. పెద్ద ప్రొవైడర్లు రెండోసారి వేరే ఐపీ నుంచి వస్తాయి, అప్పుడు లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే అందరినీ ఆపకుండా, అనుమానపు మార్కులు వచ్చినవాళ్లనే ఆపండి. మెయిళ్లకి మార్కులు వేసే ఆర్‌స్పామ్‌డి ప్రోగ్రామ్ మామూలు సెట్టింగ్ ఇలాగే ఉంటుంది. 4 మార్కులు దాటితే గ్రేలిస్ట్, 6 దాటితే స్పామ్ ముద్ర, 15 దాటితే రిజెక్ట్. ఈ మూడు అంకెల మధ్య ఉన్న దూరం నాకు చాలా ఇష్టం. అనుమానానికీ, తలుపు మూయడానికీ మధ్య అంత జాగా ఉండాలి.

8. మార్కుల లెక్క, దాంట్లో ఎవరు చిక్కుకుంటారు

ఒక అసలైన మెయిల్ చెబుతాను. గ్రేడింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగానికి మందస వైపు నుంచి ఒక కుర్రాడు దరఖాస్తు పంపాడు. అడ్రసు ఫోన్ షాపులో ఎవరో తయారుచేసి ఇచ్చినది, పేరు చివర నాలుగంకెలు. సబ్జెక్టు ఖాళీ. లోపల ఒక్క మాట లేదు. అటాచ్‌మెంట్ పేరు "స్కాన్", దాని పక్కన ఒక నంబరు. జీవితంలో అతను రాసిన మొదటి మెయిల్ అయ్యుండొచ్చు. అలాగే మార్కులు వేసే స్పామ్‌అసాసిన్ ప్రోగ్రామ్‌లో ఖాళీ సబ్జెక్టుకి ఒక రూలుంది, ఫ్రీ మెయిల్ అడ్రసు చివర అంకెలకి ఒక రూలుంది, ఖాళీ మెయిల్‌కి ఇంకొకటి ఉంది. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తే స్పామ్‌అసాసిన్ మామూలు గీత 5.0 దగ్గరికి చేరిపోతుంది. ఆ కుర్రాడు చేసిన తప్పు మెయిల్ మర్యాదలు తెలియకపోవడం, అంతే. ఉద్యోగాల అడ్రసుకి ఆ మూడు రూళ్ల మార్కులు నేను సగానికి తగ్గించాను.

భాష విషయంలోనూ ఇదే. అనుకున్న భాషలో లేని మెయిల్‌కి మార్కులు వేసే ప్లగిన్లు ఉన్నాయి. ఇంగ్లీషు ఒక్కటే అనుమతిస్తే తెలుగులో రాసే మనవాళ్లతో పాటు, ఫ్రెంచి మాట్లాడే ఐవరీ కోస్ట్, బెనిన్ బ్రోకర్లు, పోర్చుగీసులో రాసే గినీ బిస్సావ్ వాళ్లు కూడా అనుమానితులే అవుతారు. పిక్కలు అమ్మేదే వాళ్లు. దేశం పేరు, ఊరు పేరు, భాష, వీటి మీద ఒంటరిగా ఎప్పుడూ రూలు రాయొద్దు. పేరుకి మార్కు వేయాల్సి వస్తే ఇంకో లక్షణంతో కలిసి కనిపించినప్పుడే వేయండి. దేశం పేరుతో పాటు వారసత్వపు ఆస్తి, కోట్ల డాలర్లు అన్న మాటలుంటే సరే. దేశం పేరుతో పాటు బస్తాలు, అవుట్‌టర్న్ ఉంటే మార్కులు తగ్గించండి కూడా.

బేయ్స్ (Bayes) ఫిల్టర్ అనేది మనం చూపించిన మంచి, చెడు మెయిళ్ల నుంచి నేర్చుకుంటుంది. స్పామ్‌అసాసిన్‌లో మంచివి 200, చెడ్డవి 200 చూపించేదాకా అది నోరు విప్పదు. చాలామంది స్పామ్ మాత్రమే చూపిస్తారు. ఇంకొందరు మంచి అంటూ పాత కస్టమర్ల మెయిళ్లే చూపిస్తారు. అలా నేర్చిన ఫిల్టర్‌కి పాత మొహాలే మంచివి, కొత్త మొహాలన్నీ అనుమానమే. మొదటిసారి రాసినవాళ్ల మంచి మెయిళ్లు ఏరి ఒక ఫోల్డర్‌లో వేసి వాటిని ప్రత్యేకంగా నేర్పండి. నేను చేసిన మార్పుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

9. కొత్త రూలు పెట్టే ముందు రెండు వారాలు

కోపంలో ఉన్న రోజు రూలు రాయొద్దు. రాసినా వెంటనే అమలు చేయొద్దు. పోస్ట్‌ఫిక్స్‌లో ఏ నిషేధం ముందైనా "వార్న్ ఇఫ్ రిజెక్ట్" అని పెడితే, ఆ మెయిల్‌ని ఆపకుండా "ఆపేవాడిని" అని లాగ్‌లో మాత్రం రాస్తుంది. రెండు వారాలు ఆ లైన్లు చూడండి. అందులో ఒక్క మంచి మెయిల్ కనిపించినా రూలు మార్చండి. "సాఫ్ట్ బౌన్స్" అన్న సెట్టింగ్ ఆన్ చేస్తే 5 అంకెలన్నీ 4 అవుతాయి. పెద్ద మార్పు చేసిన రోజు అది ఆన్‌లో ఉంచితే, పొరపాటు జరిగినా మెయిల్ అవతలి సర్వర్‌లో వేచి ఉంటుంది, పోదు.

ప్రతి రూలు పక్కన ఎవరు పెట్టారు, ఎందుకు, ఏ తేదీన అన్నది రాయండి. ఆరు నెలలయ్యాక అది ఇంకా ఏదైనా పట్టుకుంటోందా చూసి, పట్టకపోతే తీసేయండి.

10. మీరే కొత్తవాళ్లైతే

కొత్త డొమైన్ కొని కస్టమర్లకి రాయబోతున్నవాళ్లు ఇవి చేయండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టండి. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్‌ఎస్ వెతుకులాటలు పది దాటితే అది పనిచేయదు, కాబట్టి అనవసరపు పేర్లు కుక్కొద్దు. మొదటి రోజే వెయ్యి మందికి పంపొద్దు, కొద్దికొద్దిగా పెంచండి. జీమెయిల్ అడ్రసులకి రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి ఆ మూడూ తప్పనిసరి. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపుకునే సదుపాయం కూడా ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం కంటే తక్కువ ఉండాలి. ఒక్క కస్టమర్‌కి రాసే మెయిల్‌కైనా సబ్జెక్టు రాయండి, లోపల మూడు వాక్యాలు రాయండి, కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు పెట్టండి. రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఫోన్ చేసి "స్పామ్‌లో చూడండి" అని చెప్పడానికి మొహమాటపడొద్దు.

11. సోమవారం పావుగంట

ఫ్యాక్టరీలో కలర్ సార్టర్ మిషన్ పక్కకి ఊదేసిన పప్పుని ఎవరూ నేరుగా పారేయరు. అది మళ్లీ బల్ల మీదికి వస్తుంది. ఆడవాళ్లు వేళ్లతో ఏరుతారు. చిన్న మచ్చ చూసి మిషన్ తోసేసిన మంచి పప్పు అందులో దొరుకుతూనే ఉంటుంది. మెయిల్‌కీ ఆ బల్ల కావాలి.

సోమవారం పొద్దున్న లోడింగ్ హడావుడి మొదలవకముందు సేల్స్ ఆవిడ, నేను ఇద్దరం కూర్చుంటాం. అవతల వ్యాపారం తెలిసిన కళ్లు, ఇవతల లాగ్ తెలిసిన కళ్లు. ఇద్దరూ ఉండాలి. ఒంటరిగా చూస్తే కొటోనూ అన్న మాట నాకు మోసంలా కనిపిస్తుంది, ఆవిడకి రేవులా కనిపిస్తుంది. సబ్జెక్టు, పంపినవారు, మార్కులు, ఈ మూడు గడుల జాబితా చాలు, మెయిళ్లు తెరవక్కర్లేదు. మార్కులు తక్కువగా ఉన్నవాటి నుంచి మొదలుపెట్టాలి, గీత దగ్గర ఉన్నవాటిలోనే మంచివి ఎక్కువ దొరుకుతాయి. ఎన్ని చూశాం, ఎన్ని మంచివి దొరికాయి అన్న రెండు అంకెలు నోట్‌బుక్‌లో రాస్తాం. నెలకి దొరికే మంచివి పెరిగితే ఏ రూలు వల్లో వెతికి వదులు చేస్తాం. రెండు నెలలు ఒక్కటీ దొరక్కపోతే రెండు వారాలకోసారి చూస్తాం.

మంచి మెయిల్ దొరికితే "స్పామ్ కాదు" నొక్కి వదిలేయొద్దు. దాన్ని బేయ్స్ ఫిల్టర్‌కి నేర్పే ఫోల్డర్‌లో వేయండి. ఏ రూలు ఆపిందో పక్కన రాయండి. ఆ మనిషికి అదే రోజు జవాబు ఇవ్వండి. జవాబులో "మీ మెయిల్ మా ఫిల్టర్‌లో చిక్కుకుంది, ఇప్పుడే చూశాం, ఆలస్యానికి మన్నించండి" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. మెయిల్ పంపి పన్నెండు రోజులు అయి ఉంటే ఫోన్ కూడా చేయండి. ఈపాటికి ఆయన ఇంకొకరికి రాసేసి ఉంటాడు.